రేపటి కోపం ఇవాళే రాశాను

నేను తాగడం మానేసి ఇవాళ్టికి మూడు వందల పన్నెండు రోజులు. రోజూ డైరీ పేజీ పై మూలన ఈ అంకె వేసుకుంటున్నాను కాబట్టి ఇందులో పొరపాటు లేదు. బొగ్గు బాయిలో ముప్పై ఎనిమిదేళ్లు చేశాను. అందులో ఇరవై ఆరేళ్లు మైనింగ్ సర్దార్‌ని. పనిస్థలమంతా తిరిగి, కర్రతో పైకప్పు తట్టి చూసి, దీపంతో గ్యాసు ఉందో లేదో చూసి, అక్కడ మనుషులు పని చేయవచ్చో లేదో తేల్చడం నా పని. చూసిందంతా రిపోర్టు పుస్తకంలో రాయాలి. ఇంటికి వచ్చాక నా సొంత డైరీ రాసుకునేవాణ్ని. తాగిన రోజుల్లో కూడా రాశాను. మా ఇంట్లో రేకు పెట్టెలో నలభై అయిదు డైరీలున్నాయి.

తాగుడు మానమని మా గోదావరిఖనిలో అందరూ చెబుతారు. డాక్టర్లు చెబుతారు, యూనియన్ వాళ్లు చెబుతారు, తాగి ఉన్నవాళ్లు కూడా చెబుతారు. మానాక ఏమవుతుందో మాత్రం నాకు ఒక్కరూ చెప్పలేదు. మానాక కోపం వస్తుంది. ఒంట్లో ఇంత కోపం ఇన్నాళ్లు ఎక్కడ దాగిందో తెలియనంత కోపం. దాని గురించే రాస్తున్నాను. మానిన మగవాళ్లు, వాళ్లతో కాపురం చేస్తున్న ఆడవాళ్లు చదివితే కొంత పనికివస్తుందని.

ఒక సంగతి ముందే చెబుతాను. చివరికి నేను అందరినీ క్షమించేశానని చదువుకోవాలనుకునేవారు ఇక్కడే ఆగిపోవచ్చు. తిరుపతిని నేను క్షమించలేదు.

తిరుపతి నా భార్య సరోజన తమ్ముడు.

మొదటి పద్నాలుగు రోజులు

రిటైరయ్యాక నాకు పొద్దున లేవగానే మందు కావాల్సి వచ్చేది. పోయిన ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున డైరీ తెరిచి తేదీ వేయబోతే చేయి ఆగలేదు. అంకె బదులు పేజీ మీద ఎలుక పాకినట్టు గీతలు పడ్డాయి. మూడుసార్లు ప్రయత్నించాను. కాళ్లు వాచినప్పుడు భయపడలేదు, రక్తం కక్కినప్పుడు భయపడలేదు. ఆ గీతలు చూసి భయపడ్డాను. సరోజనను పిలిచి, "దవాఖానకు పోదాం" అన్నాను.

ఆమె వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది. నన్ను రెక్క పట్టి కారెక్కించింది తిరుపతే. కరీంనగర్‌లో మందు మాన్పించే దవాఖాన ఫారం మీద సంతకం పెట్టింది కూడా అతనే. అది కూడా అతని ఖాతాలోనే రాసుకున్నాను. నా మీద మేలు వేసి పెట్టుకున్నాడని.

ఆ పద్నాలుగు రోజులు వివరంగా రాయను. వణుకు, చెమట, గోడల మీద లేని పురుగులు. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఏళ్ల తరబడి తాగినవాళ్లు ఇంట్లో తలుపు వేసుకుని ఒక్కసారిగా మానేయాలని చూడకండి, ప్రాణం మీదికి వస్తుంది. దవాఖానలోనే మానండి. నా పక్క మంచం మీద సమ్మయ్య అని రామగుండం ఆయన ఉండేవాడు. వణుకుతూనే జోకులు వేసేవాడు. "సర్దార్ సాబ్, నా గోడ మీది పురుగులు నీ గోడ మీదికొస్తే జర ఇటు తోలు, నావి లెక్క పెట్టుకున్న" అనేవాడు. ఆ పద్నాలుగు రోజుల్లో నేను నవ్వింది ఆయన వల్లనే.

పదిహేనో రోజు నుంచి అరవయ్యో రోజు దాకా

బాయిలో పాత పనిస్థలాలను వదిలేసినా పంపులు మాత్రం నడుపుతూనే ఉంటారు. పంపు ఆపారంటే ఊట నీరు ఊరుకోదు. చప్పుడు లేకుండా ఒక్కో అంగుళం ఎక్కి, ఎప్పుడో మరిచిపోయిన దారులన్నీ నింపేస్తుంది. ముప్పై ఏళ్లు నాలో మందు పంపులాగా నడిచింది. దవాఖానవాళ్లు పంపు ఆపారు. ఊట ఎక్కడం మొదలైంది.

పప్పులో ఉప్పు తక్కువైతే కోపం. పేపరు ఆలస్యమైతే కోపం. పక్కింటి కుక్కరు విజిల్ వేస్తే కోపం. ఫోన్‌లో ఎవరైనా "మానేసినవట గద, మంచిపని జేసినవ్" అంటే, నన్ను అనడానికి నువ్వెవడివి అని కోపం. అయ్యో అనిపించే లోపే నోరు ఒక మాట అనేసేది, చేయి ఒక వస్తువు విసిరేసేది. రేడియో పగిలింది. స్నానాలగది తలుపు గడియ ఊడింది. తాగిన రోజుల్లో నేను ఇలా ఉండేవాణ్ని కాదు. తాగి వచ్చి పడుకునేవాణ్ని.

సరోజన కూడా ఆ మాటే అంది. నలభయ్యో రోజున చాటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండానే, "తాగినప్పుడే నయముండె" అంది.

"ఏమన్నవ్?"

"తాగినప్పుడే నయముండెనన్న. వచ్చి పండుకునేటోనివి. ఇప్పుడు దినమంత మేలుకొని ఉంటున్నవ్."

మందు మానడానికి నేను పడ్డ బాధంతా ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయినట్టనిపించింది. ఇప్పుడు రాస్తున్నప్పుడు అది ఎంత సరైన మాటో తెలుస్తోంది. ఆ రోజు మాత్రం చాటను కాలితో తన్నాను.

యాభై ఎనిమిదో రోజున స్టీలు పళ్లెం విసిరాను. గోడకే విసిరాను. గోడకు తగిలి తిరిగి వచ్చి ఆమె మణికట్టుకు తగిలింది. గాజు పగిలి చర్మంలో దిగింది. ఆమె ఏడవలేదు. రక్తం కడుక్కుని, పసుపు అద్దుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఇగ విను. ముప్పై ఏండ్లు నీ తాగుడుకు ఓర్సిన. గిది నేను ఓర్వ. ఇంకొక్కసారి నీ చెయ్యి లేసిందంటే, నాకు తగిలినా తగలకపోయినా, తమ్మునింటికి పోత. బతిమిలాడితె రాను. పెద్దమనుషులను తెచ్చినా రాను."

తమ్ముడింటికి అనడమే నాకు గుచ్చుకుంది. ఇంకెక్కడికి పోతానన్నా అంత మండేది కాదు.

నాలుగు గడుల పుస్తకం

వారానికొకసారి కరీంనగర్ పోయేవాణ్ని. పెద్దపల్లి మీదుగా బస్సు, తర్వాత వెయిటింగ్ హాల్లో మూడు గంటలు. ప్లాస్టిక్ కుర్చీలు, తిరగని ఫ్యాను, గోడ మీద నవ్వుతున్న కుటుంబం బొమ్మ. ఆ బొమ్మలోని నాన్న మొహం మీద ఎవరో పెన్నుతో మీసాలు గీశారు. సమ్మయ్య నాకంటే ముందే వచ్చి నాకోసం కుర్చీ ఆపేవాడు.

"నీకు గూడ కోపమొస్తుందా?" అని ఒకసారి అడిగాను.

"నాకు ఏడుపొస్తదే. నిన్న టీవీల సబ్బు అడ్వర్టైజ్‌మెంటు చూసి ఏడ్సిన. నా భార్య పరేషానైంది. సబ్బుకెందుకేడుస్తున్నవంటే ఏం జెప్పాలె?"

అక్కడి కౌన్సిలర్ మేడం వయసులో నా బిడ్డంత ఉంటుంది. ఆమె మీద కూడా కోపమే ఉండేది, చిన్నపిల్ల నాకు చెప్పేదేమిటని. ఆమె దాన్ని పట్టించుకోలేదు. "ఓదెలు గారూ, మీరు ముప్పై ఏళ్లు ఏ బాధ వచ్చినా ఏ కోపం వచ్చినా మందుతోనే అణిచేశారు. ఇంకో దారి నేర్చుకునే అవసరం రాలేదు. ఇప్పుడు నేర్చుకోవాలి. కోపం రావడం జబ్బు కాదు. అది వచ్చిందని మీకు తెలిసేలోపే చేయి లేస్తోంది చూడండి, అదీ మన జబ్బు" అంది.

నాకు ఒక నోటుబుక్కు ఇచ్చింది. పేజీకి నాలుగు గడులు. ఎప్పుడు వచ్చింది, దేనికి వచ్చింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది, ఏం చేశాను. ప్రతి సాయంత్రం నింపి, వారం వారం తెచ్చి చూపించాలి.

"మీరు సర్దార్ కదా, మీకు రిపోర్టు రాయడం నేర్పాల్నా?" అని నవ్వింది.

నవ్వవలసిన విషయం కాదని అప్పుడు ఆమెకు తెలియదు. ఎందుకంటే బాయిలో రిపోర్టు రెండు రకాలుగా రాయవచ్చు. తిరిగి చూసి వచ్చాక రాయవచ్చు. తిరగక ముందే, పైన బెంచీ మీద కూర్చుని, "పైకప్పు బాగుంది, గ్యాసు లేదు, గాలి సరిగా ఉంది" అని రాసి పెట్టుకుని, తర్వాత తీరిగ్గా దిగవచ్చు. రెండోది నేరం. తలనొప్పితో, నిన్నటి మందుతో వచ్చిన పొద్దుల్లో నేను రెండోదే చేశాను. ఎన్నిసార్లు చేశానో నా డైరీలు కూడా చెప్పవు. వాటిల్లోనూ "అంతా సవ్యం" అనే ఉంది.

మేడం ఇచ్చిన పుస్తకం మొదటి రెండు వారాలు సరిగానే రాశాను. ఎడమ చెవి వేడెక్కుతుందని, దవడ బిగుసుకుంటుందని అందులో రాయబోతేనే నాకు తెలిసింది. ఆ తర్వాత సాయంత్రం రాయడం విసుగనిపించింది. పొద్దున చాయ్ తాగుతూ ఆ రోజు పేజీ నింపడం మొదలుపెట్టాను. ఇంకొన్నాళ్లకు ఆదివారం కూర్చుని వారమంతా నింపేశాను. కోపం: రాలేదు. కారణం: లేదు. ఒంట్లో: ఏమీ లేదు. చేసింది: నడక. మేడం చూసి సంతోషించింది. ఆమె సంతోషం చూసి నాకు కూడా నిజంగానే తగ్గిందనిపించింది.

అరవయ్యో రోజు నుంచి నూట ముప్పయ్యో రోజు దాకా: పదకొండు

చిన్న చిన్న కోపాలు నిజంగానే కొంత తగ్గాయి. ఎందుకంటే అవన్నీ ఒక్క మనిషి మీదికి మళ్లాయి.

బాయి మొగదల దిగబోయే ప్రతి మనిషినీ తడిమి చూస్తారు. బీడీ, అగ్గిపెట్టె లోపలికి పోకూడదు. మందు వాసన వస్తే మనిషే పోకూడదు. పందొమ్మిదేళ్ల కిందట మా బాయి మీద మొదటి షిఫ్టులో ఆ తనిఖీ డ్యూటీ తిరుపతిది. అప్పటికి నేను ఓవర్‌మన్ పరీక్ష పాసయ్యాను, ప్రమోషన్ లిస్టులో నా పేరు పైకి వచ్చింది. ఒక పొద్దున లైన్‌లో నా వంతు రాగానే తిరుపతి నా మొహంలో మొహం పెట్టి వాసన చూశాడు. వెనక నా గ్యాంగు మనుషులు నలభై మంది ఉన్నారు.

"బావా, నువ్వు దిగద్దు" అన్నాడు.

మెల్లగా అనలేదు. పక్కకు పిలిచి అనలేదు. అందరికీ వినిపించేలా అని, పుస్తకంలో రాసి, మేనేజర్‌కు పంపాడు. ఛార్జ్ షీటు వచ్చింది. లిస్టులోంచి పేరు పోయింది. నేను సర్దార్‌గానే రిటైరయ్యాను. ఆ రోజు కింద ఏమీ కూలలేదు. కూలి ఉంటే అతను చేసింది సరైనదని ఒప్పుకోవడం సులువయ్యేది. ఏమీ కూలలేదు, గ్యాసు రాలేదు, షిఫ్టు మామూలుగా గడిచింది. కూలింది నేనొక్కణ్నే.

తర్వాత ఏళ్ల తరబడి తిరుపతితో కలిసి తాగాను, పండుగలకు అతనింట్లో తిన్నాను. మందు ఆ పొద్దును నాకు కనబడకుండా ఉంచింది. మందు పోగానే అది నిన్న జరిగినట్టు వచ్చి ముందర నిలబడింది. అతని నోట్లోంచి వచ్చిన పుదీనా పచ్చడి వాసన కూడా గుర్తొచ్చింది.

అప్పుడే తెలిసింది, మరో నెలలో తిరుపతి రిటైర్మెంట్ ఫంక్షన్ అని. హాలు మాట్లాడారు, శాలువాలు, మైకు, వెయ్యి మందికి భోజనాలు. ముప్పై ఆరేళ్లలో ఒక్క మచ్చ లేని సర్వీసు అని ఆహ్వాన పత్రికలో అచ్చు వేయించారు.

మచ్చ సంగతి నేను చూసుకుంటాననుకున్నాను. రేకు పెట్టె తెరిచి డైరీలు వరసగా పేర్చాను. రోజుకు రెండు డైరీల చొప్పున చదివాను. తిరుపతి తనిఖీ డ్యూటీలో ఉండి ఎవరినైనా సరిగా చూడకుండా దింపిన సంగతి ఎక్కడ కనిపించినా ఒక తెల్లకాగితం మీద ఎత్తి రాశాను. తేదీ, షిఫ్టు, ఎవరు సాక్షి. అక్షరం కూడా మార్చకుండా. మొత్తం పదకొండు వచ్చాయి. "తిరుపతి వాసన వచ్చినా చూసీ చూడనట్టు మనిషిని దింపాడు." "తిరుపతి తడమకుండానే పంపించాడు." ఫంక్షన్‌లో బంధువుల తరఫున మాట్లాడమని నన్ను పిలవక తప్పదు, ఇంటికి పెద్దల్లుణ్ని. నా మాటకు బదులు ఆ పదకొండు చదువుతాను. అతను నలభై మంది ముందు నన్ను దించాడు, నేను వెయ్యి మంది ముందు అతన్ని దించుతాను.

ఆ నెల రోజులు నేను చాలా ఆరోగ్యంగా ఉన్నాను. నిద్ర పట్టింది, ఆకలి వేసింది, సరోజనతో నవ్వి మాట్లాడాను. పగ మందులాగానే పని చేస్తుందని, పంపు మళ్లీ మొదలైందని అప్పుడు గ్రహించలేదు. ఇది చదివేవాళ్లు గ్రహించండి. మానిన మనిషి ఉన్నట్టుండి హుషారుగా కనిపిస్తే, దేనితో నడుస్తున్నాడో కనుక్కోండి.

నూట ముప్పై ఒకటో రోజు

ఫంక్షన్ రోజు పొద్దున కొత్త పంచె కట్టుకుని, కాగితం జేబులో పెట్టుకుంటున్నాను. సరోజన నా కళ్లద్దాల కోసం బల్ల సొరుగు తెరిచి, నాలుగు గడుల పుస్తకం చూసింది. ఆమె అయిదో తరగతి దాకా చదివింది. నిలబడి మెల్లగా కూడబలుక్కుని చదివింది.

"గిదేంది? గిది ఇయ్యాల్టి పేజీ గదా."

నేను కాగితాన్ని జేబులోకి ఇంకా లోతుగా తోశాను.

"'తిరుపతి ఫంక్షన్‌కు పోయి వచ్చాను. కోపం రాలేదు. అంతా సవ్యం.' ఇంక పోనే లేదు, పోయొచ్చిన్నని రాసినవ్. రేపటిది గూడ రాసినవ్. ఎల్లుండిది గూడ." పేజీ తిప్పింది. "రేపటి కోపం గూడ ఇయ్యాల్నే రాసినవా? బాయిల గూడ గిట్లనే రాసినవా?"

బాయి మాట ఆమె ఊహించి అందో, ఎవరైనా ఎప్పుడో చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. చెవి వేడెక్కింది. అది తెలిసింది, కానీ తెలిసేసరికి చేతిలో నీళ్ల చెంబు ఉంది. మరుక్షణం లేదు. గోడకు తగిలి, నీళ్లు నా డైరీల మీద పడ్డాయి.

ఆమె చెంబు తీసి గూట్లో పెట్టింది. బ్యాగులో రెండు చీరలు, మందుల డబ్బా పెట్టుకుంది. గడప దగ్గర ఆగి, "పుస్తకంల ఏం రాసినవో చూసుకో. కోపం రాలేదట" అంది. ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఆమె ఎందుకు పోయిందో తెలిసి కూడా, అక్కడ నిలబడి నేను అనుకున్నది ఇదీ: నా పేరు తీసుకున్నాడు, ఇప్పుడు నా భార్యను కూడా తీసుకున్నాడు. తడిసిన డైరీలను అలాగే వదిలేసి ఫంక్షన్ హాలుకు పోయాను.

వెనక వరసలో కూర్చున్నాను. స్టేజీ మీద తిరుపతి మెడ నిండా దండలతో, గులాబీ రంగు తలపాగాతో ఉన్నాడు. ఒక్కొక్కరు వచ్చి పొగిడారు. ఆడవాళ్ల వైపు మొదటి వరసలో సరోజన బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మైకాయన, "ఇప్పుడు మన తిరుపతన్న బావగారు ఓదెలన్న రెండు మాటలు మాట్లాడుతరు" అన్నాడు.

మెట్లెక్కాను. మైకు అందుకున్నాను. కాగితం విప్పాను. తిరుపతి నన్ను చూసి నవ్వాడు. "రా బావా" అన్నాడు.

ఎడమ చెవి నిప్పులా ఉంది. దవడ బిగిసింది. కాగితం వణుకుతోంది, ఆ మొదటి రోజు డైరీ ముందు చేయి వణికినట్టే. ఈసారి మందు కారణం కాదు. ఒక్కసారిగా నాకు నా పని గుర్తుకొచ్చింది. పైకప్పును కర్రతో తడితే గట్టి రాయి గట్టిగా పలుకుతుంది. బోలు రాయి డప్పులా పలుకుతుంది. డప్పులా పలికిందంటే సర్దార్ ఇంకేమీ ఆలోచించకూడదు. ఎందుకు వదులైంది, ఎవరి తప్పు, ఎంత బొగ్గు పోతుంది, అవన్నీ తర్వాత. ముందు మనుషులను బయటికి తీయాలి. ఎవరినీ అడగకుండా అలా తీసే అధికారం ఒకటి సర్దార్‌కు ఉంటుంది. ఇరవై ఆరేళ్లలో దాన్ని నేను నా మీద ఒక్కసారి కూడా వాడలేదు.

మైకులో అన్నాను: "నాకిప్పుడు శాన కోపమున్నది. ఇప్పుడు నేను మాట్లాడితే మంచిగుండదు. దిగుతున్న."

వెనక నుంచి ఎవరో, "ఓదెలన్నా, పొద్దుగాల డోసు పడలేదా ఏంది?" అన్నారు. నవ్వులు. ఆ నవ్వినవాళ్లందరి మొహాలూ నాకు ఇప్పటికీ గుర్తున్నాయి, పేర్లతో సహా రాసి పెట్టుకున్నాను. మైకు వాళ్ల మీదికి విసరాలనిపించింది. బల్ల మీద పెట్టాను. మెట్లు దిగి, భోజనాలు పెడుతున్న పందిరి దాటి, బండ్లు నిలిపిన చోట ఒక స్కూటర్ సీటు మీద కూర్చున్నాను. సీటు ఎండకు కాలుతోంది. అయినా లేవలేదు. కొళాయి దగ్గర గిన్నెలు తోముతున్న ఒక ముసలమ్మ నన్ను చూసి, ఏమీ అడగకుండా, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి, మిగిలిన నీళ్లు చెవి మీద పోసుకున్నాను.

ఇంటికి వచ్చి, ముందే రాసిన పేజీని అడ్డంగా కొట్టేసి, కింద మళ్లీ రాశాను. కోపం వచ్చింది, రెండుసార్లు. మొదటిసారి చెంబు విసిరాను. సరోజన వెళ్లిపోయింది. రెండోసారి దిగిపోయాను.

చూసి రాసిన రిపోర్టు చాలా చిన్నగా ఉంటుంది.

నాలుగు రోజులు

ఫోన్ చేస్తే సరోజన ఎత్తలేదు. అన్నం మాడ్చుకున్నాను. డైరీలను ఎండలో ఆరబెట్టి, అతుక్కుపోయిన పేజీలను బ్లేడుతో విడదీశాను. పాలకు పోయే దారిలో వైన్స్ షాపు ఉంది. రెండో రోజు దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో కూడా పుస్తకంలో రాశాను: పదకొండు నిమిషాలు. అక్కణ్నించే సమ్మయ్యకు ఫోన్ చేశాను. ఆయన మధ్యాహ్నం బస్సులో స్టీలు డబ్బా పట్టుకుని దిగాడు. డబ్బాలో పచ్చిపులుసు.

"కోపమొచ్చినప్పుడల్ల నాకే ఫోన్ జెయ్యి. మంచిగ తిట్టు. ముప్పై ఏండ్లసంది ఇంట్ల తిట్లు తింటున్న, నీవి నాకొక లెక్క గాదు" అన్నాడు. తిని, నాతో పాటు పేజీలు విడదీస్తూ కూర్చున్నాడు. ఒక పేజీ చూసి కళ్లు తుడుచుకున్నాడు. ఏముందని అడిగితే, "ఏం లేదు. 'ఇవాళ వంకాయ కూర' అనున్నది" అన్నాడు.

నాలుగో రోజు పొద్దున తిరుపతి స్కూటర్ మా గేటు ముందు ఆగింది. వెనక సరోజన ఉంది. ఆమె దిగింది కానీ లోపలికి రాలేదు. గేటు దగ్గరే బ్యాగుతో నిలబడింది. తిరుపతి వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు.

"బావా, ఆ దినం స్టేజీ మీద కాయితం తీసినవ్. ఏంది గది?"

దాచలేదు. ఇచ్చాను. చదువుతాడు, మొహం మాడిపోతుంది, కనీసం అదైనా చూస్తానని ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని పదకొండూ చదివాడు. వేలితో ఒక్కో వరస మీద తడుతూ పోయాడు. తర్వాత నవ్వాడు.

"గీ పదకొండుల ఏడు నువ్వే గద బావా."

గేటు దగ్గర సరోజన తల ఎత్తింది.

"ఇగో గిది నువ్వు. గిది నువ్వు. గీ దసరా మర్నాడు, నువ్వే. 'వాసన వచ్చినా చూసీ చూడనట్టు మనిషిని దింపాడు.' ఆ మనిషి పేరెందుకు రాయకపోతివి? నువ్వు ఓవర్‌మనైతవని, అక్క సంతోషపడ్తదని ఏడుసార్లు నోరు మూసుకున్న. ఎనిమిదోసారి నీ ఎనుక నలభై మందిని జూసిన. అందరి ముందట అన్నందుకు నీకు కోపం. సరే. పక్కకు పిలిచి చెప్పినప్పుడు ఎన్నిసార్లు విన్నవో గది గూడ నీ డైరీల ఉన్నదా?"

అది నా డైరీలో లేదు. ఆ ఏడింటిలో మనిషిని నేనే అని ఎత్తి రాస్తున్నప్పుడు నాకు తెలుసు. డైరీలో 'మనిషి' అనే ఉంది కదా అని, తెలిసే పేరు చేర్చలేదు. అదీ పైన బెంచీ మీద కూర్చుని రాసిన రిపోర్టే.

అతను చెప్పింది నిజం. నిజమని తెలిసినందుకు కోపం తగ్గుతుందనుకునేవారు ఈ జబ్బు ఎరగనివారు. రెట్టింపయింది. నవ్వుతూ చెప్పాడు కనుక ఇంకా పెరిగింది. చెవి, దవడ, ఆ తర్వాత కుడిచేయి. చేయి కుర్చీ కోడును పట్టుకుంది. నేను లేచి, "నేను బయటికి పోతున్న. నువ్వు కూసో" అని వీధి చివరి దాకా నడిచి, అక్కడ కరెంటు స్తంభాన్ని పట్టుకుని నిలబడి, తిరిగి వచ్చాను. ఇరవై నిమిషాలు పట్టింది. వచ్చేసరికి తిరుపతి వెళ్లిపోయాడు. బ్యాగు లోపల ఉంది.

సరోజన ఒకే ఒక షరతు పెట్టింది. బాయిలో ఒక షిఫ్టు సర్దార్ రాసిన రిపోర్టును తర్వాతి షిఫ్టు సర్దార్ చదివి, సంతకం పెట్టి, ఆ తర్వాతే దిగుతాడు. అది నేనే ఆమెకు ఎప్పుడో చెప్పిన సంగతి. రోజూ సాయంత్రం అయిదింటికి పుస్తకం ఆమె చేతికి ఇవ్వాలి. చదివి సంతకం పెడుతుంది. ముందే రాసినట్టు అనిపిస్తే పెట్టదు, బ్యాగు తీస్తుంది.

మూడు వందల పన్నెండో రోజు

అప్పటి నుంచి ఈ నూట డెబ్బై ఏడు రోజుల్లో వస్తువు విసరలేదు. నోరు మాత్రం చాలాసార్లు జారింది, అదీ రాశాను. మేడంకు పాత దొంగ పేజీలన్నీ చూపించాను. ఆమె ఒక్కో పేజీ తిప్పి చూసింది. తర్వాత, "నాకు కూడా కోపం వస్తోంది ఓదెలు గారూ" అంది. ఎక్కడ తెలుస్తోందని అడిగాను. గొంతులో అంది. రాసుకోమన్నాను. ఇద్దరం నవ్వాం.

పదకొండు వరసల కాగితం చింపలేదు. ఏడింటి పక్కన "నేను" అని రాసి, రేకు పెట్టెలోనే పెట్టాను. మిగతా నాలుగూ తిరుపతివే. అవి ఇంకా అతని బాకీయే.

ఇవాళ అతను వచ్చాడు, కూతురి పెళ్లి సంబంధం గురించి అక్కతో మాట్లాడటానికి. గంటసేపు ఉన్నాడు. పుదీనా పచ్చడితో అన్నం తిన్నాడు. సాయంత్రం అయిదింటికి పుస్తకం సరోజనకు ఇచ్చాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి చదివింది.

"'తిరుపతి వచ్చాడు. కొట్టాలనిపించింది. ఎడమ చెవి. వాకిట్లో నడిచాను. కొట్టలేదు.'" తల ఎత్తింది. "ఇంక గూడ కొట్టాల్ననే ఉన్నదా?"

"ఉన్నది" అన్నాను.

ఆమె కాసేపు నా మొహం చూసింది. పెన్ను అడిగింది. పేజీ కింద సంతకం పెట్టింది.